గోడకు కాపలా ఎవరు?



మాస్టారు మునిసిపల్ హైస్కూలు పిల్లలకు డ్రాయింగ్ నేర్పారు. బొమ్మ వేయడం కన్నా ముందు, బొమ్మ వేసే చోటును గౌరవించడం నేర్పేవారు. అలాంటి మనిషి పేరిట ఏర్పాటైన స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. విషయం ఎంచుకునే స్వేచ్ఛ నాకే ఇచ్చారు. నేను గోడల గురించి మాట్లాడదలచుకున్నాను. మన వీధుల్లోని ప్రహరీలు, బడిగోడలు, వంతెనల స్తంభాలు, పాత కట్టడాలు ఎవరి చేతుల్లో పాడవుతున్నాయి, ఎందుకు పాడవుతున్నాయి, వాటిని ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈ పూట నా విషయం.

అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏదో ఒక సందులోకి తిరిగి, అక్కడి గోడ ముందు కాసేపు నిలబడండి. అడుగున పాన్ ఉమ్మి కారిన ఎర్రటి చారలు. వాటి పైన కోచింగ్ సెంటరు పోస్టరు. దాని మీద సగం చిరిగిన లేడీస్ హాస్టల్ కాగితం. ఆ కాగితం మీద, ఆపరేషన్ లేకుండా మొలలు నయం చేస్తామన్న ప్రకటన. చెయ్యి అందని ఎత్తులో, ఎన్నికలు అయిపోయి ఏళ్ళు గడిచినా వెలిసిపోని పార్టీ రాత. ‘ఇచ్చట నోటీసులు అంటించరాదు’ అని ఇంటివాళ్ళు రాయించుకున్న అక్షరాలు ఆ కాగితాల సందుల్లోంచి ముక్కలుగా కనిపిస్తాయి. మూలన, అక్కడ ఎవరూ మూత్రం పోయకుండా అతికించిన దేవుళ్ళ పటాల టైల్స్. ఆ గోడ వెనక ఒక కుటుంబం ఉంటుంది. అప్పు తెచ్చి కట్టుకున్న ఇల్లు అయి ఉంటుంది. పండగకు వేయించిన రంగు నెల తిరక్కుండానే ఇలా అయితే, రెండోసారి వేయించడానికి వాళ్ళకు మనసొప్పదు. ఆ మనసు విరిగిపోవడమే అసలైన నష్టమని నేను అనుకుంటాను. రంగు డబ్బాల ఖర్చు దాని తర్వాతి మాట.

గోడరాతలన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో రాత్రికి రాత్రి గోడలెక్కిన నినాదాలు ఉన్నాయి. 1970లలో ఎర్రరంగుతో రాసిన విప్లవ నినాదాలు ఉన్నాయి. తెలంగాణ ఉద్యమంలో ‘జై తెలంగాణ’ అన్న మాట రాయని ఊరు వెతికినా దొరకదు. పత్రికల్లో చోటు దొరకని వాళ్ళకు గోడే పత్రిక అయింది. ఆ మాటలతో మనం ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. వాటి వెనక ఒక ఆవేదన ఉంది, రాసినందుకు దెబ్బలు తినడానికి సిద్ధపడ్డ మనుషులున్నారు. నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు. ఎదుటివాడి సొత్తు మీద, అందరి ఉమ్మడి సొత్తు మీద, చెప్పా పెట్టకుండా తన పేరో తన సరుకో పులిమేసి పోయే అలవాటు మీద.

ఈ జబ్బుతో చాలాకాలం పెనుగులాడిన నగరం న్యూయార్క్. ఆ కథ మనకు పనికొస్తుంది కనుక కాస్త వివరంగా చెబుతాను.

1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ ఒక కుర్రవాడి గురించి వార్త వేసింది. అతను వెళ్ళిన చోటల్లా ‘టాకీ 183’ అని రాసేవాడు. టాకీ అతని ముద్దుపేరు, 183 అతను ఉండే వీధి నంబరు. మెసెంజర్ ఉద్యోగం కాబట్టి నగరమంతా తిరిగేవాడు, తిరిగిన చోటల్లా సంతకం పెట్టేవాడు. పత్రికలో పడ్డాక అతన్ని చూసి ఎందరో కుర్రాళ్ళు మార్కర్లు, స్ప్రే డబ్బాలు పట్టుకున్నారు. గోడల నుంచి ఈ రాతలు భూగర్భ రైళ్ళకు పాకాయి. కొన్నేళ్ళలో పెట్టె లోపలా బయటా ఖాళీ లేకుండా పోయింది. కిటికీ అద్దాల మీద కూడా రంగు పడటంతో ఏ స్టేషన్ వచ్చిందో ప్రయాణికుడికి కనపడేది కాదు.

నగరం ఊరుకోలేదు. 1972లో మేయర్ జాన్ లిండ్సే ఈ రాతల మీద యుద్ధం ప్రకటించారు, కొత్త చట్టం తెచ్చారు. మరుసటి ఏడాది రైళ్ళకు కొత్త రంగు వేయించారు. కుర్రాళ్ళకు అది సరికొత్త పలకలా దొరికింది. రసాయనాలతో పెట్టెల్ని కడిగే యంత్రం పెట్టారు. రాతలు పోయి బురదరంగు మరకలు మిగిలాయి. 1981లో మేయర్ ఎడ్ కాచ్ హయాంలో రైళ్ళు నిలిపే యార్డుకు రెండు వరసల ముళ్ళకంచె వేసి, మధ్యలో కుక్కల్ని వదిలారు. ఒక్కో ఉపాయం కొన్నాళ్ళు పనిచేసేది, ఆ తర్వాత రాతలు మళ్ళీ వచ్చేవి.

1984లో నగర రవాణా సంస్థకు డేవిడ్ గన్ అధ్యక్షుడిగా వచ్చారు. ఆయన పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఆరువేలకు పైగా ఉన్న పెట్టెల్ని ఒకేసారి బాగుచేయాలని చూడలేదు. ఒక మార్గం తర్వాత ఒక మార్గం, కొన్ని రైళ్ళ తర్వాత కొన్ని రైళ్ళు తీసుకున్నారు. ఒకసారి శుభ్రం చేసిన పెట్టె మళ్ళీ ఎన్నడూ రాతతో జనం ముందుకు వెళ్ళకూడదని నియమం పెట్టారు. రైలు చివరి స్టేషనుకు చేరేసరికి తుడిచేవాళ్ళు సిద్ధంగా ఉండేవారు. అక్కడ పోకపోతే ఆ పెట్టెను సర్వీసు నుంచి తప్పించేవారు. రద్దీ వేళ అయినా సరే, రాత ఉన్న పెట్టె కదలకూడదు. మురికి పెట్టెల్ని శుభ్రమైన వాటితో కలపనిచ్చేవారు కాదు.

ఇది ఎందుకు పనిచేసిందో ఆలోచించండి. రాత్రంతా మేలుకుని, పట్టుబడే ప్రమాదానికి ఒడిగట్టి రంగు వేసిన కుర్రవాడికి డబ్బు రాదు. అతనికి కావలసింది ఒకటే: మర్నాడు ఆ రైలు తన పేరు మోసుకుంటూ బ్రాంక్స్ నుంచి బ్రూక్లిన్ దాకా పోవాలి, తోటివాళ్ళు చూడాలి. ఆ రైలు కదలకపోతే రాత్రి పడ్డ కష్టమంతా వృథా. పోలీసు లాఠీకి జంకనివాడు ఈ నిరాశకు లొంగాడు. 1989 మే 12న రాతలున్న చివరి రైలును సర్వీసు నుంచి తొలగించారు. అయిదేళ్ళు పట్టింది. అంతకుముందు పన్నెండేళ్ళు ఆవేశంతో చేసిన పనులకు రాని ఫలితం, అయిదేళ్ళు రోజూ తప్పకుండా చేసిన పనికి వచ్చింది.

శిక్షల మీదే నమ్మకం పెట్టుకున్నవాళ్ళు ఆ నగర చరిత్రలో మరో పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. 1983 సెప్టెంబరులో మైకేల్ స్టూవర్ట్ అనే పాతికేళ్ళ నల్లజాతి యువకుణ్ణి, ఫస్ట్ ఎవెన్యూ స్టేషన్ గోడ మీద రాశాడన్న ఆరోపణ మీద రవాణా పోలీసులు పట్టుకున్నారు. వాళ్ళ చేతుల్లో ఉండగానే అతను స్పృహ కోల్పోయాడు, రెండు వారాలు తిరక్కుండా ఆస్పత్రిలో చనిపోయాడు. కేసు నడిచింది, 1985లో పోలీసులంతా నిర్దోషులుగా బయటపడ్డారు. గోడ మీద గీత గీసినందుకు ఏ తల్లీ బిడ్డను పోగొట్టుకోకూడదు. గోడను కాపాడే పేరుతో మనుషుల్ని బాదే అధికారం ఎవరికైనా ఇచ్చిన రోజు, ఆ దెబ్బ ముందుగా పడేది పేదల పిల్లల మీద. మన బస్తీల్లోనైనా అంతే.

మురికిగోడ వల్ల అందానికి మించిన నష్టం ఏముంటుందని అడిగేవాళ్ళున్నారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. 2008లో ‘సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. ఒక సందులో జనం సైకిళ్ళు నిలిపి దుకాణాలకు వెళ్తారు. అక్కడ గోడ మీద రాయకూడదన్న బోర్డు ఉంది. పరిశోధకులు ప్రతి సైకిల్ హ్యాండిల్‌కూ ఒక కాగితం తగిలించారు. చెత్తబుట్ట మాత్రం దగ్గర్లో లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 33 మంది ఆ కాగితాన్ని కింద పారేశారు. అదే గోడను గీతలతో నింపాక నూటికి 69 మంది పారేశారు. బోర్డు రెండుసార్లూ అక్కడే ఉంది. బోర్డు ఏం చెబుతోందో కన్నా, ఆ బోర్డును ఎవరూ లెక్కచేయడం లేదన్న సంగతినే జనం ముందు గమనించారు. మన ‘నోటీసులు అంటించరాదు’ అన్న గోడకు నిత్యం జరుగుతున్నదీ ఇదే. మొదటి పోస్టరు నిలిచిందంటే, రెండోవాడికి అనుమతి దొరికినట్టే.

అయితే తుడవడం ఒక్కదానితో కథ ముగియదు. న్యూయార్క్ రైళ్ళు శుభ్రపడ్డాక కొందరు కిటికీ అద్దాల మీద గీతలు కోయడం మొదలుపెట్టారు. రైళ్ళు వదిలి గోడలు పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. తన పేరు నలుగురూ చూడాలన్న కోరిక తుడిస్తే పోయేది కాదు. ఆ వయసుకు అది సహజం కూడా. దానికి గౌరవంగా ఒక దారి చూపించాలి.

ఆ పని ఫిలడెల్ఫియా చేసింది. 1984లో మేయర్ విల్సన్ గూడ్ గోడరాతల నిర్మూలనకు ఒక బృందాన్ని ఏర్పాటు చేశారు. రాసే కుర్రాళ్ళు ఇక రాయబోమని మాట ఇచ్చి, గోడలు శుభ్రం చేసే పనిలోకి వస్తే కేసులుండవన్నారు. వాళ్ళతో పనిచేయడానికి జేన్ గోల్డెన్ అనే యువ చిత్రకారిణిని తీసుకున్నారు. ఆమె ఆ పిల్లల చేతుల్లో నైపుణ్యం ఉందని గుర్తించి, పేటల్లోని పెద్ద పెద్ద గోడల మీద కుడ్యచిత్రాలు వేయించారు. ఏ బొమ్మ వేయాలో ఆ పేటవాళ్ళతో కూర్చుని మాట్లాడి నిర్ణయించేవారు. ఆ ప్రయత్నమే తర్వాత మ్యూరల్ ఆర్ట్స్ కార్యక్రమంగా స్థిరపడి, ఇప్పటికి నాలుగువేలకు పైగా కుడ్యచిత్రాలను ఆ నగరానికి ఇచ్చింది. తమ పేట మనుషుల ముఖాలు, తమ పేట చరిత్ర ఉన్న గోడ మీద చెయ్యి వేయడానికి కుర్రాళ్ళు వెనకాడతారు. ఎందుకంటే ఆ గోడకు ఇప్పుడు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

మాస్టారు ఎండాకాలం సెలవులకు ముందు చేసే పని ఇక్కడ చెప్పాలి. బడి ప్రహరీకి వెల్లవేసే రోజు, ఏడాదంతా బెంచీల మీద పేర్లు చెక్కిన పిల్లల్నే ఏరి పిలిచేవారు. తిట్టేవారు కాదు. సున్నం బకెట్టు, కుంచె ఇచ్చి గోడలో ఒక్కో భాగం ఒక్కొక్కరికి అప్పగించేవారు. బడి తెరిచాక ఆ గోడ మీద ఎవరైనా బొగ్గుముక్కతో గీస్తే, ముందుగా వెళ్ళి పట్టుకునేది ఆ పిల్లలే.

హైదరాబాద్‌లోనూ కుడ్యచిత్రాల ప్రయత్నం జరిగింది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు హుస్సేన్‌సాగర్ పక్కనున్న ఎమ్మెస్ మక్తా బస్తీలో ఇళ్ళ గోడల మీద పెద్ద చిత్రాలు వేయించారు. అప్పటిదాకా ఆ సందుల వైపు చూడనివాళ్ళు బొమ్మలు చూడటానికి వెళ్ళారు. మంచి పని. ఇలాంటి పనులకు ఒక షరతు ఉండాలని మాత్రం నా విన్నపం. బొమ్మ వేసిన రోజునే దాని సంరక్షణ ఎవరిదో తేల్చాలి. రంగు వెలిసి, పెచ్చులూడి, దానిమీద పోస్టర్లు పడ్డ చిత్రం ఖాళీగోడ కన్నా ఎక్కువ బాధపెడుతుంది.

ఇక మన సంగతి. న్యూయార్క్‌కూ మనకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ గోడ పాడుచేసినవాడు మారుపేరు పెట్టుకుని చీకట్లో దాక్కున్నాడు. మన గోడను పాడుచేసేవాడు తన అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు అచ్చువేయించి మరీ అంటిస్తున్నాడు. మన ఊళ్ళో ఎక్కువ నష్టం చేస్తున్నది అల్లరి పిల్లలు కాదు, వ్యాపారం చేసుకునే పెద్దమనుషులు, మన ఓట్లు అడిగే నాయకుల అనుచరులు.

ఆ పోస్టరు గోడకెక్కే తీరు చూడండి. మైదాపిండి నీళ్ళలో ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, బకెట్లో పోసుకుని అర్ధరాత్రి దాటాక ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద బయల్దేరతారు. ఒకడు కుంచెతో గోడకు జిగురు పులుముతాడు, ఇంకొకడు కాగితం పరిచి పైనుంచి మళ్ళీ ఒక పూత వేస్తాడు. ఒక్కో పోస్టరుకు పట్టేది కొన్ని క్షణాలే. తెల్లారాక దాన్ని తీయాలంటే ముందు నీళ్ళతో నానబెట్టాలి, తర్వాత ఇనుపరేకుతో గీకాలి. కింద పాత పొరలు గట్టిపడి ఉంటే గోడరంగు కూడా పెచ్చులుగా ఊడి వస్తుంది. గీకేది మునిసిపాలిటీ కాంట్రాక్టు కార్మికురాలు, చాలామటుకు చేతులకు తొడుగు కూడా లేకుండా. అంటించిన కుర్రవాడు రోజుకూలి. అంటించమన్న యజమాని ఇంట్లో నిద్రపోతున్నాడు. మనం శిక్షించాల్సి వస్తే కూలివాణ్ణి వదిలి యజమానిని పట్టుకోవాలి. ఫోన్ నంబరు వెతుక్కోనక్కర్లేదు, పోస్టరు మీదే ఉంది.

చట్టాలకు కొరత లేదు. బహిరంగ స్థలాల్ని వికారం చేయడాన్నీ, అభ్యంతరకరమైన పోస్టర్లనూ నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం ఉంది. మెట్రో ఆవరణలో అనుమతి లేకుండా పోస్టర్లు అంటించడాన్నీ, రాయడాన్నీ 2002 నాటి మెట్రో రైల్వేల చట్టం నేరంగా పరిగణిస్తుంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి, యజమాని అనుమతి లేకుండా ఎవరి ప్రహరీ మీదా నినాదాలు రాయకూడదని పార్టీలకు స్పష్టంగా చెబుతోంది. ఎన్నికల ప్రకటన వెలువడగానే అధికారులు రాతలకు సున్నం కొట్టిస్తారు, విగ్రహాలకు ముసుగులు వేయిస్తారు. కొద్ది రోజుల్లో నగరం శుభ్రపడుతుంది. అంటే చేయగలిగిన శక్తి ప్రభుత్వానికి ఉంది. ఆ శ్రద్ధ అయిదేళ్ళకోసారి కాకుండా వారానికోసారి కావాలి.

పాత కట్టడాల దగ్గర నష్టం మరో రకం. గోల్కొండ కోటలోనో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరో గచ్చుపూత మీద మేకుతో, తాళంచెవితో చెక్కిన పేర్లు చూశాం. రెండు పేర్లు, మధ్యలో బాణం గుచ్చిన గుండె. డంగుసున్నాన్ని గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి, పొర మీద పొర వేసి, నునుపు తేలేదాకా రుద్ది చేసిన పూత అది. శతాబ్దాల వానల్ని తట్టుకుంది. మేకుతో గీసిన చోట పై పొర తెగిపోతుంది, ఆ గాడిలో నీరు నిలుస్తుంది, చుట్టుపక్కల పూత ఉబ్బి రాలుతుంది. దాన్ని తుడవడానికి వీల్లేదు. చుట్టూ ఉన్న పూతను తీసి, అదే పాళ్ళలో సున్నం కలిపి మళ్ళీ నింపాలి. 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్టు పనివాళ్ళు పాత సిమెంటు అతుకుల్ని తొలగించి సున్నపు పనిని తిరిగి తీసుకొచ్చారు. అంత ఓపికగా చేసిన పని మీద ఒక తాళంచెవి చేసే గాయం ఎంతటిదో పిల్లలకు తెలియదు. కేంద్ర రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చని 2010 సవరణ చెబుతోంది. ఆ సంగతి గేటు దగ్గర బోర్డు మీద ఉంటే చాలదు. విహారయాత్రకు తీసుకొచ్చే బడులు బయల్దేరే ముందే, సున్నం ఎలా నూరతారో పిల్లలకు చూపించాలి. చేసే కష్టం కళ్ళారా చూసినవాడు దాన్ని చెరపలేడు.

తుడిచే పనికి కూడా విద్య కావాలి. ఏ గోడకు ఏది వాడాలో తెలియక మంచి ఉద్దేశంతోనే గోడల్ని పాడుచేస్తున్నాం. రంగు వేసిన సిమెంటు గోడకు అదే రంగు మళ్ళీ వేయడం సులువు. ఛాయ తేడాగా ఉంటే అతుకు కొట్టొచ్చినట్టు కనపడి మళ్ళీ రాయమని పిలుస్తుంది, అందుకే ప్రతి గోడకూ వేసిన రంగు నంబరు రాసిపెట్టుకోవాలి. గ్రానైటు, స్టీలు మీద రంగును త్వరగా తుడిస్తే పోతుంది, ఎండలో కాలితే పట్టేస్తుంది. ఇటుకలోకి, ఇసుకరాయిలోకి రంగు ఇంకుతుంది. వాటి మీద ఆసిడ్ పోయడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం చేయకూడదు. ఎక్కువగా దెబ్బతినే స్తంభాలకు రంగు అంటుకోని పూతలు దొరుకుతున్నాయి. వాటిలో కొన్నిటిని మురికితోపాటు కడిగేసి మళ్ళీ వేయాలి, కొన్ని చాలా కాలం నిలుస్తాయి. ఇవన్నీ తెలిసిన చిన్న బృందం ప్రతి సర్కిల్‌కూ ఉండాలి. వాళ్ళకు తొడుగులు, ముసుగులు, నిపుణులకిచ్చే జీతం ఉండాలి.

ఇంతసేపు చెప్పిన దానిలోంచి నాలుగు పనులు మీ ముందుంచుతాను. ఒకటి, గోడ పాడైందని ఫిర్యాదు వచ్చిన రెండు రోజుల్లో శుభ్రం చేస్తామని మన నగరపాలక సంస్థలు మాట ఇవ్వాలి. ముందుగా బడిగోడలు, ఆస్పత్రి గోడలు, ప్రధాన రహదారులు ఎంచుకుని, అక్కడ ఆ మాట నిలబెట్టుకున్నాకే తర్వాతి వీధికి వెళ్ళాలి. రెండు, పోస్టరు మీద ఎవరి పేరుంటే వాళ్ళకే నోటీసు, శుభ్రం చేయించే ఖర్చూ వాళ్ళదే. అందులో పార్టీలకు మినహాయింపు ఉండకూడదు. మూడు, చిన్న వ్యాపారి ప్రకటన పెట్టుకోవడానికి ప్రతి వార్డులో నామమాత్రపు రుసుముతో బోర్డులు ఏర్పాటు చేయాలి. అతనికీ బతుకుతెరువు ఉంది, చోటు చూపకుండా వద్దనడం ధర్మం కాదు. నాలుగు, పట్టుబడ్డ పిల్లల్ని స్టేషన్‌కు పంపకుండా కుంచె ఇచ్చి గోడ అప్పగించాలి.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయగలిగిందీ ఉంది. మన కాలనీ సంక్షేమ సంఘాలు వినాయక చవితికి చందాలు వేసుకోగలవు, సీసీ కెమెరాలు కొనగలవు. ప్రతి ఆదివారం ఒక గంట, ఒక బకెట్టు నీళ్ళు, నలుగురు మనుషులు దొరకడం కష్టం కాదు. మొదటి కాగితం కనపడ్డ రోజునే తీసేస్తే ఆ గంట కూడా పట్టదు. ఈ సభ నిర్వాహకులు మాస్టారు పాఠాలు చెప్పిన బడి ప్రహరీని ఏడాదిపాటు చూసుకునే బాధ్యత తీసుకోవాలని కోరుతున్నాను. ఆ పనిలో నేనూ ఉంటాను. వచ్చే ఏడాది ఇదే స్మారకోపన్యాసానికి వచ్చే వక్త, ఉపన్యాసం మొదలుపెట్టే ముందు ఆ గోడ ఎలా ఉందో మనల్ని అడగాలి. మనం జవాబు చెప్పగలిగేలా ఉండాలి.